చేంతాడుకు కట్టిన డైవ్ వాచీ: కర్నూలు నుంచి గండికోట దాకా

సముద్రం లేని సీమలో లోతు కొలిచే డైవ్ వాచీతో ఏం పని? బావిలో మోటారు దించేవాళ్లనూ ఈత నేర్పేవాళ్లనూ అడిగితే తెలుస్తుంది. నీళ్లెంత లోతున్నాయో ఇక్కడ రోజూ ఎవరికో ఒకరికి కావాలి. అందుకే రెండు వాచీలు, నైలాన్ తాడు, రెండు కిలోల తూకం రాయి పెట్టుకుని మే నెలలో కర్నూల్లో బయల్దేరాం.

బయల్దేరే ముందు రాత్రే ఒక వాచీ పనికిరాదని తేలిపోయింది. చేతికి బాగా వెచ్చగా తగిలే నీళ్లలో పది నిమిషాలు ఉంచి తీసి, అద్దం మీద ఒక చుక్క చల్లనీళ్లు వేసి, నిమిషం ఆగి తుడవాలి. అద్దం లోపలివైపు ఆవిరి పట్టి నిలిచిందంటే లోపల తేమ ఉన్నట్టే. మా దాంట్లో పట్టింది. అంతకుముందు బ్యాటరీ మార్పించినప్పుడు వెనక మూత కింది రబ్బరు రింగు మార్చలేదు, ప్రెజర్ పరీక్షా చేయించలేదు. అలా మూత తెరిచి మూసిన వాచీ మీద 200 మీటర్ల దాకా నీళ్లు తట్టుకుంటుందని రాసి ఉన్నా దాన్ని నమ్మడానికి లేదు. రింగు సరిగా ఉంటేనే ఆ అంకెకు విలువ. అన్నట్టు, మామూలు వాచీ మీద '30 మీటర్లు' అని ఉంటే చేతులు కడుక్కోవడానికి పనికొస్తుందని అర్థం, అంతే. ఐఎస్ఓ 6425 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డైవర్ వాచీ అనిపించుకోవాలంటే కనీసం 100 మీటర్లకు తట్టుకోవాలి, రాసిన లోతుకు నాలుగో వంతు ఎక్కువ ఒత్తిడిలో పరీక్ష నెగ్గాలి.

బేతంచెర్ల దాటేటప్పుడు దారికి రెండు పక్కలా బండల పాలిష్ దుమ్మే. నాపరాయి సున్నపురాయి జాతిది, వాచీ అద్దం కంటే మెత్తన. దాని మీద గీకినా అద్దానికి గీత పడదు. గీత పడేది ఇసుకతో. అందులోని క్వార్ట్జ్ మామూలు మినరల్ గ్లాసు కంటే గట్టిది, సఫైర్ అద్దం కంటే మెత్తన. పెన్న ఇసుకలో తిరిగే చేతికి సఫైర్ అద్దమే మేలు.

బెలుం గుహల్లో పాతాళగంగ దగ్గర, అంటే వాకిలికి 46 మీటర్ల కింద, వాచీ లోతు సున్నా అనే చూపింది. చెడిపోయి కాదు. ఈ వాచీ కొలిచేది లోతును కాదు, ఒత్తిడిని. 46 మీటర్ల గాలి పెంచే ఒత్తిడి ఐదు సెంటీమీటర్ల నీళ్లు పెంచేదానికి సమానం. గుహ లోతు తెలియాలంటే ఎత్తు చూపే బారోమీటర్ ఉన్న వాచీ కావాలి. డైవ్ వాచీలన్నిటిలో అది ఉండదు, కొనేముందు చూసుకోవాలి.

అసలు పని జమ్మలమడుగు వైపు ఒక రైతు బావి దగ్గర. ఆయన గిలక చూపించి నవ్వాడు: "ఏందన్నా, గడియారాన్ని ఉరేస్తాండారా?" ఈ వైపు బావి లోతు మట్లలో చెప్తారు. మట్టంటే మనిషి నిలువు, ఉజ్జాయింపుగా ఐదడుగులు. తన బావిలో ఆరు మట్ల నీళ్లున్నాయన్నాడు. పాత బావి అడుగున గాలి చెడి ఉండొచ్చు కాబట్టి మనిషి దిగే మాటే లేదు, తాడే దిగాలి.

నైలాన్ సాగుతుంది. అందుకే తాడును తడిపి, రాయి వేలాడదీసి, ఆ బరువు మీదే మీటరుకో ముడి వేశాం. పొడి తాడుకు వేసిన ముళ్లు లెక్క తప్పుతాయి. వాచీని రాయికి జానెడు పైన కట్టాం, లోతు కూడా వాచీలో ఒత్తిడి కొలిచే సెన్సార్ నుంచే లెక్కపెట్టాం. పట్టీ వాచీ కేసు కింద నుంచి ఒకటే గుడ్డగా దూరిపోయే రకం. గోడకు తగిలి ఒక పిన్ను ఊడినా వాచీ రెండో పిన్ను మీద నిలుస్తుంది. ఎండలో కాలిన కేసును అలాగే ముంచకూడదు. వాచీని పది నిమిషాలు నీడలో ఉంచాం, ఆ వేళకు గాలి ఒత్తిడిని సున్నాగా పట్టుకుంది.

3 మీటర్ల ముడి దగ్గర 2.9, 6 దగ్గర 5.9, 8 దగ్గర 7.8. ఈ తేడాకు కారణం ఉంది. లోతు కొలిచే పరికరాలకున్న యూరప్ ప్రమాణం ఈఎన్ 13319 లెక్కలో ఒక బార్ ఒత్తిడికి సరిగ్గా పది మీటర్లు. ఆ లెక్క ఉప్పునీళ్ల సాంద్రతకు దగ్గర. మంచినీళ్లు తేలిక కాబట్టి వాచీ దాదాపు రెండు శాతం తక్కువ చూపుతుంది. వాచీ సెట్టింగులో నీటి రకాన్ని మంచినీళ్లకు మార్చి దించితే 8 దగ్గర 8.0 వచ్చింది. అయితే ఆ ఇరవై సెంటీమీటర్లు సెన్సార్ సొంత పొరపాటులో కలిసిపోయేంత చిన్నవి. బావి పనికి సెట్టింగు మార్చకపోయినా కొంప మునగదు.

మునిగింది బురదలో. మూడోసారి అడుగు తగిలేదాకా వదిలాం. రాయి మెత్తగా కూరుకుపోయింది, దానితో వాచీ కూడా. పైకి లాగుతుంటే 5 మీటర్ల ముడి దగ్గర కూడా 7.4 చూపుతోంది. గట్టు మీద పెట్టినా 0.6 దగ్గర ఆగిపోయింది, రికార్డింగ్ ముగియలేదు. సెన్సార్ రంధ్రంలో ఒండ్రు బిగుసుకుంటే లోపలి ఒత్తిడికి బయటికి దారి ఉండదు. గుండుసూది ముట్టనేకూడదు, వెనక ఉండే పల్చటి పొర చిరిగితే సెన్సార్ పోయినట్టే. బకెట్టు నీళ్లలో వాచీని అటూ ఇటూ ఆడిస్తే రెండు నిమిషాల్లో బురద మబ్బులా వదిలింది, అంకె సున్నాకు దిగింది. వాచీ రాసిపెట్టుకున్న లాగ్‌లో గరిష్ఠ లోతు 9.1 అని ఉంది. రైతు చెప్పిన ఆరు మట్లూ అంతే.

గండికోట దగ్గర వాచీని తడపలేదు. అంచు నుంచి కిందికి చూస్తే పెన్న లోయ, అటు రిజర్వాయర్ వెనక నీళ్లు. ముంపులో పోయిన ఇళ్ల గోడలు, చెట్లు ఆ నీళ్ల కిందే ఉన్నాయి. తాడు చిక్కుకుంటే వాచీ పోతుంది, మనిషి దిగితే మనిషే. చేతికి లోతు చూపే యంత్రం ఉంది కదా అని దిగడం తెలివితక్కువ పని.

వాచీని కడగడానికి బోరు నీళ్లు వాడొద్దు. సున్నం నేల కాబట్టి ఆ నీళ్లు ఆరితే సెన్సార్ రంధ్రం చుట్టూ తెల్లటి పొర కడుతుంది. ఆర్వో క్యాన్ నీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లలో ఉండగానే బెజెల్‌ను, అంటే అద్దం చుట్టూ తిరిగే రింగును, నాలుగు చుట్లు తిప్పితే దాని కింది ఇసుక రాలుతుంది. తిప్పేటప్పుడు కరకర శబ్దం వస్తుంటే ఇంకో అరగంట నానాలి. స్క్రూ కిరీటాన్ని, అంటే వాచీ పక్కన మరలా బిగించే కీని, ఆరేదాకా విప్పకూడదు. ఆరబెట్టడం నీడలోనే, కారు డాష్‌బోర్డు మీద కాదు.