కోలుకోవడానికి ఎన్ని రోజులు ఇస్తారు?

నాకున్నది బైపోలార్. మేనియా వచ్చినప్పుడు నిద్ర అక్కర్లేదనిపిస్తుంది, మాట ఆగదు, డబ్బు చేతిలో నిలవదు. అది దిగాక పట్టుకునే డిప్రెషన్ నెలల తరబడి వదలదు. మేనియాను మందులు కొన్ని వారాల్లో దించుతాయి, ఆ తర్వాతి నెలలే కష్టం. ఆ నెలల్లో ఇంటి అద్దె ఎలా గడుస్తుందన్న దాన్ని బట్టే మనిషి నిలబడతాడా, మళ్లీ పడతాడా అన్నది చాలావరకు తేలిపోతుంది. బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం నాది. అందుకే ఈ సంగతి నాకు రోగిగానూ తెలుసు, రిజిస్టర్ రాసే మనిషిగానూ తెలుసు.

మందు ఖరీదు పెద్దది కాదు. నాకు పనిచేసింది లిథియం. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మేనియా మీద దీని ప్రభావాన్ని బయటపెట్టారు. ఇది మామూలు లవణం, దీని మీద ఎవరికీ పేటెంటు లేదు. ఖర్చంతా దాన్ని కనిపెట్టుకుని ఉండటంలోనే. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. తగ్గితే పనిచేయదు, 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం. రాత్రి డోసు వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దున మాత్ర మింగి ల్యాబుకు వెళ్తే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) కూడా చూడాలి.

మే నెల ఎండల్లో జాగ్రత్త మరీ అవసరం. చెమటతో ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. ఒళ్లునొప్పులకని వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఆ పనే చేస్తాయి. చేతులు బాగా వణికినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా తర్వాతి డోసు వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నీడలో కూర్చుని పనిచేసే నాకు ఈ మందు కుదిరింది. రోజంతా ఎండలో బండి నడిపేవాళ్లు టాయిలెట్ దొరకదని నీళ్లు తాగడమే తగ్గిస్తారు. వాళ్లకు ఇదే మాత్ర అపాయం. మన పని ఎలాంటిదో డాక్టర్ అడగకపోయినా మనమే చెప్పాలి.

ఇక జీతం. నెలకు 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉంటుంది. 20,000 జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 150 రూపాయలు. కంపెనీ వాటా 3.25 శాతం, అంటే 650. జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా రోజు సగటు జీతంలో 70 శాతం ఇస్తారు. దానికి సంబంధించిన ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. బైపోలార్ మనిషికి 91 రోజులు చాలవు. చాలామందికి తెలియనిది దీని తర్వాతి మెట్టు. క్షయ, క్యాన్సర్ లాంటి దీర్ఘరోగాల జాబితాలోనే స్కిజోఫ్రేనియా, తీవ్రమైన డిప్రెషన్, బైపోలార్ (అక్కడ పాత పేరు మేనిక్ డిప్రెసివ్ సైకోసిస్ అని ఉంటుంది) కూడా ఉన్నాయి. రెండేళ్ల సర్వీసు, అంతకుముందు నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా ఉంటే 80 శాతం జీతం మొదట 124 రోజులు, డాక్టర్లు అవసరమంటే మొత్తం 730 రోజుల దాకా ఇస్తారు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, మొదటి కాగితంలో. ఇంట్లోవాళ్లు పరువుకు భయపడి "జ్వరమని రాయండి సార్, నీరసమని రాయండి" అని డాక్టర్‌ని బతిమాలుతారు. నీరసం ఆ జాబితాలో లేదు. 91 రోజులు అయిపోయాక పొడిగించమని అడగడానికి ఆధారమే ఉండదు. అందుకని డిస్పెన్సరీ నుంచి సైకియాట్రీకి రిఫర్ చేయించుకుని, స్పెషలిస్టు చేత జబ్బు పేరు పూర్తిగా రాయించాలి. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రికీ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికీ మధ్య దూరం ఎంతో లేదు. కానీ ఎర్రగడ్డ పేరు చెబితే జనం ముఖం తిప్పుకుంటారు, ఆ భయంతోనే కాగితాలు పాడవుతాయి.

ఈ పథకంలో నాకు అన్యాయంగా తోచేది ఇంకొకటి ఉంది. పని పూర్తిగా మానితేనే డబ్బు. డిప్రెషన్ నుంచి లేచే మనిషికి ఒక పూట పని చేసి, మిగతా పూట పడుకునే వీలుండాలి. సగం జీతం, సగం భత్యం అనే ఏర్పాటు లేదు. దాంతో జనం ఇంకా లేవలేని స్థితిలోనే పూర్తి డ్యూటీకి వచ్చేస్తారు, లేదా పూర్తిగా ఇంట్లోనే ఉండిపోతారు.

జీతం 21,500 అయితే? నడుస్తున్న చందా కాలం ముగిశాక ఈఎస్ఐ చందా ఆగిపోతుంది, కొన్నాళ్లకు దాని రక్షణా పోతుంది. చేతికొచ్చేది ప్రైవేటు బీమా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శరీర రోగాలకిచ్చినట్టే వీటికీ బీమా ఇవ్వమంది. అయితే మామూలు పాలసీ చెల్లించేది ఆస్పత్రిలో చేరినప్పుడు. బైపోలార్ ఖర్చు ఓపీ, రక్తపరీక్షలు, పోయిన జీతం. పైగా పాలసీ తీసుకునేముందే ఉన్న జబ్బుకు 36 నెలల దాకా ఆగమనొచ్చు. ఆర్డరుకింత అని తీసుకునే డెలివరీ అబ్బాయికి ఈఎస్ఐ కూడా లేదు. రాత్రి ఇన్సెంటివ్ కోసం నిద్ర చంపుకోవాలి. ఈ జబ్బున్నవాళ్లలో మేనియాను రేపే కారణాల్లో నిద్ర కరువవడం ముఖ్యమైనది.

2016 వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని 21 వైకల్యాల్లో చేర్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వోద్యోగిని తీసేయకూడదు, అదే జీతంతో వేరే పని చూపాలి. ఆ రక్షణ ప్రైవేటు కంపెనీకి వర్తించదు. జబ్బుపడ్డ మనిషి ప్రభుత్వ గుమస్తానా, నాలాంటి ప్రైవేటు లెక్కలవాడా అన్నదే తేడా, మెదడులో తేడా లేదు.

వైకల్య సర్టిఫికెట్ కోసం జబ్బు తీవ్రతను ఐడియాస్ అనే కొలతతో చూస్తారు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. జబ్బు ఎన్నేళ్లదన్న దానికి ఇంకో 4. మొత్తం 20లో 7 వస్తే 40 శాతం, సౌకర్యాలు అక్కణ్నుంచే. కష్టపడి మళ్లీ ఉద్యోగంలో చేరితే మార్కు తగ్గుతుంది. ఆ ఉద్యోగం నిలబడటానికి ఎంత మందు, ఎంత నిద్ర, ఇంట్లోవాళ్ల ఎంత కాపలా కావాలో ఆ నాలుగు గళ్లలో ఎక్కడా పట్టదు. అందుకే సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డు ముందుకు ఒంటరిగా వెళ్లకూడదు. మన చెడ్డరోజులు చూసిన మనిషిని వెంట తీసుకెళ్లి, వాళ్ల చేత చెప్పించాలి. మొట్టమొదటి ప్రిస్క్రిప్షన్ ఎంత పాతదైనా పారేయకూడదు. జబ్బు రెండేళ్ల లోపుదైతే 1 మార్కు, పదేళ్లు దాటితే 4. ఆ మూడు మార్కుల తేడాకు సాక్ష్యం ఆ చీటీయే. సిరా వెలిసిపోకముందే ఫోటో తీసి పెట్టుకోండి.