తీటా, జేబు, మా వాడి లెక్కలు

ఈ సమ్మర్ హైదరాబాద్ వచ్చాం, దిల్‌సుఖ్‌నగర్‌లో మా అమ్మావాళ్ళింటికి. మా వాడికి అమెరికాలో వచ్చే ఏడాది ప్రీకాల్క్యులస్, అందులో ట్రిగ్ (త్రికోణమితి) ఐడెంటిటీస్ ఉంటాయి. మేం టెన్త్‌లోనే చేసేశాం కదా, నేనే నేర్పిస్తా అని కూర్చున్నా, పుస్తకం మూసి పాతికేళ్ళయినా ధీమాకి మాత్రం తక్కువ లేదు.

లెక్క ఇదీ. సైన్ తీటా బై వన్ మైనస్ కాస్ తీటా, అది వన్ ప్లస్ కాస్ తీటా బై సైన్ తీటాకి సమానమని ప్రూవ్ చెయ్యాలి. (తీటా అనగానే వంటింట్లోంచి అమ్మ, "ఎవడికే తీట?") వాడు టకటకా క్రాస్ మల్టిప్లై చేసి, సైన్ స్క్వేర్ ఈక్వల్స్ వన్ మైనస్ కాస్ స్క్వేర్, అయిపోయిందన్నాడు. అలా కాదురా, ఎల్‌హెచ్‌ఎస్ (ఎడమవైపుది) పట్టుకుని ఆర్‌హెచ్‌ఎస్‌కి (కుడివైపుకి) రావాలి అన్నా. "వై?" అన్నాడు. మార్కులు కట్ చేస్తారు అన్నా, నాకు తెలిసిన కారణం అదొక్కటే మరి. వాడు నా మొహం కేసి అలా చూశాడు.

అప్పుడే మా అన్నయ్య కూతురు వచ్చింది, ఇంటర్ సెకండియర్. వీడు అక్కా అంటే అమ్మ ఒప్పుకోదు, మేనమామ కూతురు వదినవుతుందిరా అంటుంది. ఇక్కడి పిల్లలకి బట్టీ తప్ప ఏం వస్తుందిలే అనుకున్నా, సిగ్గుపడాలి.

"మైనస్ వన్ ఈక్వల్స్ వన్ అనుకుని రెండు వైపులా స్క్వేర్ చెయ్యి" అంది.

"వన్ ఈక్వల్స్ వన్."

"మరి మైనస్ వన్, వన్ అయిపోయిందా?"

మా వాడు పెన్ను కింద పెట్టేశాడు. చివర నిజం వచ్చినంత మాత్రాన మొదలు నిజమవ్వదు, నీ స్టెప్పులు కింది నుంచి పైకి వెనక్కి వెళ్తాయని చూపిస్తే నీదీ రైటే, లేదంటే లెఫ్ట్‌లో పైనా కిందా వన్ ప్లస్ కాస్ తీటాతో గుణించు, కింద సైన్ స్క్వేర్ అవుతుంది, ఒక సైన్ కొట్టెయ్, అంది. మూడు లైన్లు!

పోయిన పరువు కోసం రాత్రి నేనో కథ చెప్పా. 499లో ఆర్యభటుడు సైన్‌కి వాడిన మాట జ్యా, అరబ్బుల దగ్గర జీబ అయింది, వాళ్ళు మామూలుగా పొట్టి అచ్చులు రాయరు కాబట్టి తర్వాత దాన్ని జైబ్ (బట్ట మడత) అని చదివారు, లాటిన్‌లోకి అదే అర్థమొచ్చే సైనస్ అని మార్చారు, అదే సైన్. మన జేబు కూడా ఆ జైబ్ నుంచి వచ్చిందే.

పొద్దున్నే వాడు షార్ట్స్ జేబులు బయటికి లాగి, "అమ్మమ్మా, నా సైన్ ఖాళీ" అన్నాడు. ఆవిడకి ముక్క అర్థం కాలేదు, ఐదొందలు పెట్టింది.