మంగళవారం రాత్రి మూడు నిమిషాలు

కాలిఫోర్నియాలో ముప్ఫై వేల జనాభా కూడా లేని ఒక చిన్న సిటీకి సివిల్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. రోడ్లు, సైడ్‌వాక్‌లు, వాననీటి కాలువలు, ట్రాఫిక్ సిగ్నళ్లు చూసుకునే పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ మాది. ఇక్కడ పరిచయమైన తెలుగువాళ్లకి ఈ సంగతి చెప్పగానే, "సిటిజన్‌షిప్ లేకుండా గవర్నమెంట్ ఉద్యోగం ఎలా ఇచ్చారండీ?" అంటారు. మా సిటీ నన్ను అడిగింది డిగ్రీ, రాష్ట్ర ఇంజనీరింగ్ లైసెన్స్, పనిచేసుకునే అనుమతి, అంతే. ఆ తర్వాత వచ్చే మాటే నాకు కష్టంగా ఉంటుంది. "మనకి ఓటు లేదు కదా, ఆ సిటీ కౌన్సిల్‌తో మనకేం పని?" అంటారు. ఇల్లు కొనుక్కుని, ఏటా పన్ను కడుతూ, పిల్లల్ని ఇక్కడి బడికే పంపుతూ ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లు కూడా ఇదే అంటారు. కౌన్సిల్ మీటింగులో మైకు ముందుకి వచ్చిన మనిషిని ఓటుందా అని ఎవరూ అడగరు. ఈ సంగతి మనవాళ్లకి చేరడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా కౌన్సిల్ నెలలో మొదటి, మూడో మంగళవారాల్లో సాయంత్రం ఆరింటికి కూర్చుంటుంది. సభ్యులు అయిదుగురు. మేయర్ పదవి కూడా ఆ అయిదుగురిలోనే ఏడాదికొకరి చొప్పున తిరుగుతుంది. వీళ్లెవరికీ ఇది బతుకుతెరువు కాదు. ఒకరు టీచరు, ఒకరు రిటైరయ్యారు, ఒకరికి సొంత దుకాణం ఉంది. 35 వేల లోపు జనాభా ఉన్న సిటీల్లో కౌన్సిల్ సభ్యుడికి నెలకి ఎంత ఇవ్వొచ్చో రాష్ట్ర చట్టమే చెబుతుంది. ఆ మూల పరిమితి చాలాకాలం 300 డాలర్ల దగ్గరే ఆగిపోయి, 2024 నుంచి 950 అయింది. రోజువారీ పాలన అంతా సిటీ మేనేజర్ చూసుకుంటాడు. ఆయన్ని పెట్టేదీ తీసేసేదీ కౌన్సిల్. మాలాంటి ఉద్యోగులకి పని చెప్పేది మాత్రం ఆయనే. కౌన్సిల్ సభ్యుడు నేరుగా నాకు ఫోన్ చేసి "మా వీధి ముందు వెయ్యి" అనే పద్ధతి ఇక్కడ లేదు. ఇంజనీర్‌గా నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా విలువైనది అదే.

ఇంత చిన్న సిటీకి ఇన్ని కట్టుబాట్లెందుకు అనేవాళ్లకి బెల్ అనే ఊరి కథ చెబుతాను. లాస్ ఏంజెలెస్ పక్కనే మా సిటీ లాంటిదే అది, సంపన్నుల ఊరేం కాదు. అక్కడి సిటీ మేనేజర్ ఏడాదికి దాదాపు ఎనిమిది లక్షల డాలర్ల జీతం తీసుకుంటున్నాడని 2010లో పత్రికల వాళ్లు బయటపెట్టారు. కౌన్సిల్ సభ్యుల్లో కొందరు లక్షకి దగ్గర్లో తీసుకుంటున్నారు. మీటింగులకి జనం వెళ్లి కాగితాలు అడిగి ఉంటే అది అంతదాకా వచ్చేది కాదని నా నమ్మకం. ఆ గొడవ తర్వాతే రాష్ట్రం ప్రతి సిటీ ఉద్యోగి హోదా, జీతం వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలుపెట్టింది. నాదీ అందులో ఉంది. ఉండాల్సిందే.

ఆ మంగళవారానికి మా పని చాలా వారాల ముందే మొదలవుతుంది. నేను ఒక రోడ్డు పని కౌన్సిల్ ముందు పెట్టాలంటే స్టాఫ్ రిపోర్ట్ రాయాలి. పని ఏమిటి, ఎందుకు, డబ్బు ఏ ఫండ్ నుంచి వస్తుంది, పర్యావరణ చట్టం కింద పరిశీలన కావాలా, అక్కర్లేకపోతే ఏ మినహాయింపు కింద, ఇవన్నీ అందులో ఉండాలి. దాన్ని మా డైరెక్టర్, ఫైనాన్స్ వాళ్లు, సిటీ అటార్నీ, చివరికి సిటీ మేనేజర్ వరసగా చదివి దిద్దుతారు. తర్వాత రికార్డులూ అజెండాలూ చూసే అధికారి, సిటీ క్లర్క్, దాన్ని అజెండాలో చేరుస్తుంది. మామూలు మీటింగు అయితే కనీసం 72 గంటల ముందు అజెండా జనానికి కనిపించేలా పెట్టాలి. 1953లో వచ్చిన బహిరంగ సమావేశాల చట్టం, బ్రౌన్ యాక్ట్‌లో, ఈ గడువు ఉంది. మా క్లర్క్ శుక్రవారం మధ్యాహ్నానికే సిటీ హాల్ బయట ఉన్న అద్దాల బోర్డులో అంటించేస్తుంది. అత్యవసరమైతే తప్ప, అందులో లేని విషయం మీద ఆ రాత్రి కౌన్సిల్ చర్చించకూడదు, నిర్ణయం తీసుకోకూడదు. అయిదుగురిలో ముగ్గురు ఏ విందులోనో కలిసి సిటీ పని గురించి మాట్లాడుకున్నా తప్పే. ఒకరు రెండో వారికి, ఆ రెండో వారు మూడో వారికి ఈమెయిల్ పంపుకుంటూ ఒక మాట మీదికి వచ్చినా తప్పే.

మీటింగులో మొదట చాలా పద్దులు నిమిషంలో అయిపోతాయి. పాత మీటింగు మినిట్స్, చెల్లించిన బిల్లుల జాబితా, చిన్న చిన్న కాంట్రాక్టులు కన్సెంట్ క్యాలెండర్ పేరుతో ఒకే ఓటుతో ఆమోదం పొందుతాయి. నేను నెలంతా రాసిన రిపోర్టు కూడా అలాగే ఒక చెయ్యెత్తితో వెళ్లిపోయిన సందర్భాలున్నాయి. అందులో ఏ ఒక్కటైనా విడిగా తీసి చర్చించమని అడగడానికి మాత్రం ఎవరికైనా వీలుంది. అపార్ట్‌మెంట్ల అనుమతి లాంటి పెద్ద పద్దు వచ్చినప్పుడు, ఆ స్థలానికి 500 అడుగుల లోపల సొంత ఇల్లున్న సభ్యుడు సాధారణంగా కారణం బయటికి చెప్పి, లేచి గది బయటికి వెళ్లిపోతాడు. తలుపు మూసుకున్నాకే చర్చ మొదలవుతుంది.

మాకు గట్టి ప్రశ్నలు వచ్చేది రోడ్ల దగ్గర. మా సిటీలో ప్రతి వీధికీ సున్నా నుంచి నూరు దాకా మార్కులుంటాయి. పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్ అంటారు. 70 దాటితే బాగున్నట్టు, 25 లోపల ఉంటే పోయినట్టు లెక్క. జనం అడిగేది ఒకటే: "మా వీధి గుంతలు పడి ఉంటే, బాగానే ఉన్న ఆ వీధికి ఎందుకు వేస్తున్నారు?" అడగడం న్యాయమే. నేను ఇచ్చే సమాధానం మాత్రం ఎవరికీ రుచించదు. బాగున్న రోడ్డు మీద సమయానికి పల్చటి స్లరీ సీల్ పూత వేస్తే మరికొన్నేళ్లు నిలుస్తుంది, ఖర్చు తక్కువ. పూర్తిగా పోయిన రోడ్డుని తవ్వి మళ్లీ వేయాలంటే ఆ ఒక్క వీధి డబ్బుతో ఎన్నో వీధులకి పూత వేయొచ్చు. ఉన్న డబ్బంతా అన్నిటికన్నా చెడిపోయిన వీధుల మీదే పెడితే కొన్నేళ్లకి సిటీ మొత్తం ఆ స్థితికే చేరుతుంది. పోయిన వీధిలో ఉండే మనిషికి ఈ లెక్క చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూడటం నాకు కష్టంగానే ఉంటుంది. అయినా ఈ లెక్క సరైనదేనని నా నమ్మకం, అందుకే ప్రతిసారీ చెబుతాను.

డబ్బు సంగతి కూడా మనవాళ్లకి తెలియాలి. "ఏటా అంత ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం, సిటీ ఏం చేస్తోంది?" అంటారు. 1978లో ప్రజలే ఓటేసి తెచ్చుకున్న ప్రొపొజిషన్ 13 ప్రకారం ఆ పన్ను మూల రేటు లెక్కగట్టిన విలువలో ఒక శాతం మించకూడదు. ఇల్లు చేతులు మారే దాకా ఆ విలువ కూడా ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు. ఆ ఒక్క శాతంలో బడులూ కౌంటీ తీసుకోగా సిటీకి దక్కేది కొంతే. రోడ్లకి ప్రధాన ఆధారం పెట్రోలు మీద పన్ను. 2017లో వచ్చిన ఎస్‌బీ 1 చట్టం గ్యాలన్‌కి 12 సెంట్లు పెంచింది. అందులో మా వాటా రావాలంటే ఏయే పనులు చేస్తామో ఏటా కౌన్సిల్ బహిరంగంగా ఆమోదించి పంపాలి.

ఇక పబ్లిక్ కామెంట్. అజెండాలో ఉన్నా లేకపోయినా, సిటీకి సంబంధించిన ఏ విషయం మీదైనా ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. మా దగ్గర మనిషికి మూడు నిమిషాలు. పేరు చెప్పడం చెప్పకపోవడం వాళ్ల ఇష్టం.

ఒక తెలుగమ్మాయి నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, పార్కు పక్క మలుపు గురించి మా అత్తయ్యగారు కౌన్సిల్‌లో చెబుతానంటున్నారు. ఆవిడ విజిటర్ వీసా మీద వచ్చారు. ఇంగ్లీషు రాదు. ఏమన్నా ఇబ్బంది అవుతుందా?" ఏ ఇబ్బందీ లేదమ్మా, తెలుగులోనే మాట్లాడమను, నువ్వు పక్కన నిలబడి అనువాదం చెయ్యి అన్నాను. అనువాదకుల సాయంతో మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని 2016లో చట్టంలో చేర్చారు. అంటే ఆవిడకి ఆరు నిమిషాలు.

నేత చీర, పైన స్వెట్టరు, కాళ్లకి వాకింగ్ బూట్లు. మైకు ఆవిడకి ఎత్తైంది, క్లర్క్ లేచొచ్చి కిందికి వంచింది. "పిల్లాణ్ణి చంకనేసుకుని రోడ్డు మీదికి రెండడుగులు వేస్తేగానీ బండి వస్తోందో లేదో కనపడదు. మూలమీద ఒక పెద్ద వ్యాను నిలబెడతారు. మీ రూల్సు నాకు తెలీవు నాయనా. ఆ వ్యాను అక్కడ లేకుండా చూడండి, చాలు." కోడలు ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. ఆరు నిమిషాలు అక్కర్లేకపోయింది. మేయర్ ఆవిడకి థాంక్స్ చెప్పి, సిటీ మేనేజర్ వైపు తిరిగి, స్టాఫ్‌ని చూడమనండి అని తర్వాతి మనిషిని పిలిచారు.

బయట వరండాలో ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఏమిటి బాబూ, ఒక్క మాటా అనలేదు? వెళ్లమన్నట్టేనా?" అన్నారు. కాదండీ, అజెండాలో లేని సంగతి మీద చర్చించడానికి వాళ్లకి చట్టం ఒప్పుకోదు, స్టాఫ్‌కి అప్పగించారంటే రేపు పొద్దున్న అది నా బల్ల మీదికి వస్తుంది అని చెప్పాను. ఆవిడకి పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు.

మర్నాడే వచ్చింది. కొలత చక్రం, వాలు కొలిచే స్మార్ట్ లెవెల్ తీసుకుని ఆ మూలకి వెళ్లాను. జనం రోడ్డు దాటే క్రాస్‌వాక్‌కి బండ్లు వచ్చే వైపు 20 అడుగుల దాకా పార్కింగ్ ఉండకూడదని 2023లో రాష్ట్రం ఏబీ 413 చట్టం చేసింది. కర్బ్‌కి, అంటే సైడ్‌వాక్ అంచు గట్టుకి, పార్కింగ్ వద్దని చెప్పే ఎర్ర రంగు లేకపోయినా అది వర్తిస్తుంది. రంగు లేకపోతే మాత్రం ఎవరూ పట్టించుకోరు. వ్యాను నిలబెట్టే చోటు పూర్తిగా ఆ 20 అడుగుల లోపలే ఉంది. సైడ్‌వాక్ నుంచి రోడ్డు మీదికి దిగే ర్యాంపు పాత కాలం నాటిది. చూపులేని వాళ్ల కాలికి తగలాల్సిన పసుపు బొడిపెల పలక లేదు. ర్యాంపు మీద లెవెల్ పెడితే 11 శాతం దాటి చూపించింది. ఉండాల్సింది 8.33 శాతం లోపల, అంటే పన్నెండు అంగుళాల నడకకి ఒక్క అంగుళం వాలు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి ఆ తేడా భుజాల్లో తెలుస్తుంది.

బడులు, పార్కుల పక్కనున్న మూలలన్నీ ఒక జాబితాగా రాసి, మా రంగు బృందానికి ఇచ్చాం. ఎర్ర రంగు పడ్డ తర్వాతి మీటింగుకి పార్కింగ్ పోయిన ఇళ్లవాళ్లు వచ్చారు. వాళ్లకీ అవే మూడు నిమిషాలు. ఒకాయన గట్టిగానే కోప్పడ్డాడు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక బండి పెట్టుకోవడానికి రెండు వీధులు తిరగాల్సి వస్తోందట. ఆయన మాటలో అబద్ధం లేదు. ఆ ఇరవై అడుగులు రాష్ట్ర చట్టం కాబట్టి, ట్రాఫిక్ భద్రతా ప్రమాణాలు ఒప్పుకుంటాయని తేల్చి ఆర్డినెన్స్ చేస్తే తప్ప కౌన్సిల్ తగ్గించడానికి వీల్లేదు. ఆ పక్క వీధిలో పాత నో-పార్కింగ్ బోర్డులు ఇప్పుడు అవసరమో కాదో చూడమని మాకే చెప్పారు. చూస్తున్నాం.

ర్యాంపు సంగతి వేరు. స్లరీ పూత మెయింటెనెన్స్ కిందికి వస్తుంది, దానితో ర్యాంపు మార్చాల్సిన బాధ్యత రాదు. కొత్త తారు పొర వేస్తే మాత్రం వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ర్యాంపు కూడా సరిచెయ్యాలి. ఆ వీధి వచ్చే వేసవి తారు పనిలో ఉంది. అక్కడ బటన్ నొక్కితే మెరిసే పసుపు దీపాలు పెట్టించమని కోడలు తర్వాత ఈమెయిల్ రాసింది. దానికి వేరే డబ్బు కావాలి.

మీటింగుకి వచ్చే తెలుగువాళ్లు పెరిగితే నాకు పని పెరుగుతుంది. పెరగనివ్వండి. మాట్లాడటం ఒక్కటే కాదు, 2019లో వచ్చిన ఎస్‌బీ 225 చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన రాష్ట్ర నివాసి పౌరసత్వంతో పనిలేకుండా నియామక పదవుల్లో కూర్చోవచ్చు. కౌన్సిల్‌కి పోటీ చెయ్యడం వేరే సంగతి. పార్కుల కమిషన్‌లోనో లైబ్రరీ బోర్డులోనో ఖాళీ ఉందని నోటీసు కనిపించినప్పుడు, పౌరసత్వం లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు పక్కన పెట్టకండి. క్లర్క్ దగ్గర అర్హతలు అడగండి.

మా ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది, కాబట్టి బడ్జెట్‌కి జూన్‌లోనే ఓటు వేసేస్తారు. మెరిసే దీపాల పద్దు ఈసారి ఖర్చు అంచనాతో సహా ముసాయిదాలో పెట్టాను. కౌన్సిల్ ఉంచుతుందో తీసేస్తుందో చూడాలి. అప్పటికి అత్తగారు తిరిగి వెళ్లిపోతారు. ఆవిడ చెప్పేది కాగితం మీద రాయించి పంపితే రికార్డులో చేరుతుందా అని కోడలు అడిగింది. చేరుతుంది, మీటింగు రోజు మధ్యాహ్నం లోపల క్లర్క్‌కి అందేలా చూడు అని చెప్పాను. పార్కు చుట్టుపక్కల ఇళ్లవాళ్ల సంతకాలు కూడా తీసుకుంటానంది. ఆ సంతకాల్లో ఎర్ర రంగు మీద కోప్పడ్డ ఆయనది కూడా అడగమన్నాను. ఆయనకీ ఇద్దరు చిన్నపిల్లలున్నారు.