చమురు సంక్షోభంపై నా పీహెచ్‌డీ: ప్రీ సబ్మిషన్ సెమినార్ అనుభవం

నా పీహెచ్‌డీ మౌఖిక పరీక్ష నిన్న ముగిసింది. 1973 నాటి చమురు సంక్షోభం ఐరోపా సమాజపు (నేటి ఐరోపా సమాఖ్యకు ముందున్న, అప్పటికి తొమ్మిది దేశాల కూటమి) ఉమ్మడి ఇంధన విధానాన్ని ఏం చేసిందన్నది నా పరిశోధనాంశం. ఆపదవేళ ఆ దేశాల మధ్య ఐక్యత లేకపోయిందన్నది నా వాదన. కోర్సు వర్క్, సినాప్సిస్, ప్లేజియరిజం తనిఖీ ఏ చిక్కూ లేకుండా పూర్తయ్యాయి. నన్ను ఏడిపించింది, సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు కమిటీ ఎదుట ఇవ్వాల్సిన ప్రీ సబ్మిషన్ సెమినారే.

కమిటీలోని ఒక సీనియర్ ఆచార్యులు మూడో అధ్యాయం తెరిచి, "తొమ్మిది దేశాలూ నవంబరు 6న ఉమ్మడి ప్రకటన చేశాయి కదా, ఐక్యత లేదని ఎలా రాస్తారు?" అన్నారు. ఆ ప్రకటన పశ్చిమాసియా శాంతికి సంబంధించినదనీ, చమురు పంపకం మాట అందులో లేదనీ చెప్పబోతే, "ముందు చదువుకుని రండి" అంటూ జూనియర్లందరి ఎదుటా నా ప్రతిని పక్కకు నెట్టేశారు. ఆ అవమానం ఇంకా మనసులో మెదులుతూనే ఉంది.

నిజానికి జరిగిందేమిటి? అరబ్ దేశాలు నెదర్లాండ్స్‌కు చమురు పూర్తిగా ఆపేశాయి. పశ్చిమ జర్మనీ, బెల్జియంలకు వెళ్లే చమురులో చాలా భాగం రాటర్‌డ్యామ్ రేవు మీదుగానే సాగేది. అయినా, అరబ్బులు మిత్రదేశాలుగా లెక్కించిన బ్రిటన్, ఫ్రాన్స్‌లు తమ సరఫరాకు ఎసరు వస్తుందన్న భయంతో బాహాటంగా పంచుకోవడానికి ఒప్పుకోలేదు. 65 రోజుల నిల్వలుండాలన్న నిబంధన 1968లోనే వచ్చినా, ఆపదవేళ ఎవరి నిల్వ వారిదే అయింది. ఐక్యతే ఉంటే, సరఫరా 7 శాతం పడిపోగానే సభ్యదేశాలు పంచుకోవాలనే ఏర్పాటుతో 1974 నవంబరులో అంతర్జాతీయ ఇంధన సంస్థను విడిగా పెట్టుకోవలసిన అగత్యం ఏముంది? ఫ్రాన్స్ 1992 వరకు అందులో చేరనే లేదు.

కమిటీ అభ్యంతరాలను తప్పకుండా రాతపూర్వకంగా అడగండి. నేను అడిగితే "తగిన సవరణలు" అన్న రెండు మాటలే వచ్చాయి. అందుకే వాదన మార్చకుండా, ప్రకటన పూర్తి పాఠాన్ని అనుబంధంగా జతచేశాను. నిన్న బయటి పరీక్షకులు నేరుగా ఆ పుట తెరిచి, నా వాదనే సరైనదని అందరి ముందూ అన్నారు. ఆ క్షణం గర్వపడ్డాను. పడే హక్కు నాకుంది.

2017లో ఆ సంస్థకు అనుబంధ సభ్యత్వం పొందిన భారత్ పూర్తి సభ్యత్వానికి ఏం కావాలని కూడా అడిగారు. 90 రోజుల నికర దిగుమతులకు సరిపడా నిల్వ ఒక షరతని చెప్పి, విశాఖ భూగర్భ గుహల్లోని 13.3 లక్షల టన్నుల సామర్థ్యాన్ని ప్రస్తావించాను. ఇక చివరి మాట: బకాయిలేవీ లేవని విశ్వవిద్యాలయం ఇచ్చే నో డ్యూస్ పత్రం కోసం మాత్రం ఉదయమే వెళ్లండి. భోజనాల తర్వాత ఆ కిటికీ దగ్గర ఎవరూ ఉండరు.