కూ పోయాక మాస్టోడాన్‌లో మిద్దెతోట

మా మిద్దెతోట గ్రూపు పోయి ఏడాది దాటింది. ఒక పెద్ద సోషల్ నెట్‌వర్క్‌లో ఉండేది. అడ్మిన్ అక్క అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారు, ఆ తర్వాత కంపెనీవాళ్ళే గ్రూపు మూసేశారు. ఎన్ని మెయిళ్ళు పెట్టినా మెషీన్ జవాబే. నాటు కాకర విత్తనాలు ఎవరి దగ్గరున్నాయి, వంగకు పిండినల్లి పడితే ఏం కొట్టాలి, కడియం నర్సరీల్లో ఎక్కడ అంటు మొక్క నమ్మి కొనొచ్చు... ఇవన్నీ అందులోనే ఉండిపోయాయి.

"మన తెలుగువాళ్ళకు మన యాప్ ఒకటుంటే ఈ గొడవ ఉండదు కదా" అన్నారు చాలామంది. నేను ఒప్పుకోలేదు. ట్విట్టర్‌లాంటి మన దేశపు యాప్ కూ సంగతి అప్పుడే మర్చిపోయామా? బెంగళూరులో 2020లో మొదలైంది. 2021లో రైతు ఉద్యమం అకౌంట్ల మీద ప్రభుత్వానికీ ట్విట్టర్‌కీ చెడినప్పుడు కేంద్ర మంత్రులు వరసపెట్టి అందులో చేరారు. తెలుగులో హాయిగా రాసుకున్నాం. 2024 జులైలో, వేరే కంపెనీలతో బేరం కుదరక మూసేశారు. స్వదేశీ అయితేనేం, తెలుగు వస్తేనేం, మన రాతలు దాచే సర్వర్లన్నీ (కంప్యూటర్లన్నీ) ఒక్కరి చేతిలో ఉంటే వాళ్ళ డబ్బులైపోయిన రోజున మన రాతలకూ నూకలు చెల్లినట్టే.

నేనిప్పుడు మొక్కల ఫొటోలు మాస్టోడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో పెడుతున్నాను. జర్మనీలో ఉండే యూజెన్ రోచ్కో 2016లో మొదలుపెట్టాడు. దాని సాఫ్ట్‌వేర్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా తమ సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. జియో నంబరు నుంచి ఎయిర్‌టెల్ నంబరుకు ఫోన్ వెళ్ళినట్టు, ఒక సర్వర్‌లో రాసింది ఇంకో సర్వర్‌లోవాళ్ళకు చేరుతుంది. దానికి వాడే యాక్టివిటీపబ్ అనే పద్ధతిని వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ 2018లో ప్రమాణంగా ఒప్పుకుంది. నా పోస్టుకు జవాబిచ్చేవాళ్ళ పేరు పక్కన వాళ్ళ సర్వర్ పేరు కూడా ఉంటుంది. మొన్న పిండినల్లి ఫొటో పెడితే, వేపనూనెలో కాస్త సబ్బు కలిపి ఆకు అడుగున కొట్టమని చెప్పినాయన ఎక్కడో వేరే సర్వర్‌లో ఉన్నాడు. ప్రకటనలు లేవు. ఎవరు కొత్తగా రాస్తే అది పైన, అంతే.

కోడ్ తెరిచి ఉంటే చాలనుకోకండి. ట్రంప్ గారి ట్రూత్ సోషల్ కట్టింది కూడా ఈ కోడ్ మీదే, కానీ బయటి సర్వర్లతో మాట కలపదు. అలాంటప్పుడు అదీ నాలుగు గోడల కొట్టే.

ఇబ్బందులు లేవని కాదు. సర్వర్ మారితే ఫాలోవర్లు మనతో వస్తారు గానీ పాత పోస్టులు రావు. మా గ్రూపు బాధకు ఇది పూర్తి మందు కాదు, ఎప్పటికప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాల్సిందే. అదీగాక మనవాళ్ళు అక్కడ బాగా తక్కువ. 2019లో సుప్రీంకోర్టు లాయరు సంజయ్ హెగ్డే అకౌంట్‌ను ట్విట్టర్ ఆపేసిందని మన దేశం నుంచి చాలామంది కోపంగా మాస్టోడాన్‌కు వచ్చారు. మాట్లాడేవాళ్ళు లేక చాలామంది వెనక్కి పోయారు. కోపంతో వచ్చినవాళ్ళు కోపం చల్లారేదాకే ఉంటారు మరి. విత్తనాల కోసం వచ్చేవాళ్ళు అలా కాదని నా నమ్మకం.

అక్కడ అకౌంట్ తెరవమంటే మా పిన్నులు టెన్షన్ పడతారు. వాళ్ళకు నా ప్రొఫైల్ లింకు పంపాను. అకౌంట్ లేకుండానే బ్రౌజర్‌లో చదువుకుంటున్నారు, జవాబులు మాత్రం వాట్సాప్‌లో ఇస్తున్నారు.

తోటల కోసమే చిన్న సర్వర్ పెడదామని ఇప్పుడు మాటలు నడుస్తున్నాయి. అద్దె తలా కాస్త వేసుకుంటే తేలిపోతుంది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచేదెవరు, బూతు రాసినవాణ్ణి గెంటేదెవరు అన్నదే తేలలేదు. రాజమండ్రిలోనే ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఒకడు సరేనన్నాడు. పరీక్షలప్పుడు చూసుకోవడానికి ఇంకొకరు కావాలట. ఎవరైనా ఉంటే కింద చెప్పండి.