రెంబ్రాంట్ చూసి గీసిన షాజహాన్

డ్రాయింగ్ క్లాసులో పిల్లల చేత పాత బొమ్మలు చూసి గీయిస్తానని మా స్కూల్లో నామీద ఒక ఫిర్యాదు ఉంది. "సొంతంగా వేయించండి మాస్టారూ, క్రియేటివిటీ పోతుంది" అంటారు తల్లిదండ్రులు. వాళ్లకి నేను రెంబ్రాంట్ కథ చెబుతాను.

1656లో ఆయనకి యాభై ఏళ్లు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అంత పేరున్న చిత్రకారుడు ఆ ఏడాది దివాలా తీశాడు. 1639లో పదమూడు వేల గిల్డర్లకి కొన్న ఇంటి బాకీ అప్పటికీ తీరలేదు. దానికితోడు వేలంపాటల్లో మనసుపడ్డదల్లా కొనేసే అలవాటు. అధికారులు ఇంట్లో సామాను రాసుకుంటే 363 పద్దులయ్యాయి. శిల్పాలు, శిరస్త్రాణాలు, గవ్వలు, కట్టలకొద్దీ ప్రింట్లు. సూక్ష్మచిత్రాల ఆల్బమ్ కూడా ఒకటి ఉంది. అందులోవి మొగలు బొమ్మలేనని చాలామంది పండితుల ఊహ.

సూరత్‌లోనూ మన బందరులోనూ స్థావరాలు పెట్టుకున్న డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడల్లో బట్టలు, మిరియాలతోపాటు ఇలాంటి బొమ్మలూ ఆమ్‌స్టర్‌డామ్ చేరేవి. సుమారు 1656, 1661 మధ్య రెంబ్రాంట్ వాటిని ముందు పెట్టుకుని గీశాడు. షాజహాన్, జహంగీర్, దారా షికో, గుర్రాల మీద సర్దారులు. వాటిలో 23 దాకా ఇప్పటికీ ఉన్నాయి. కాగితం కూడా మామూలుది కాదు, ఎక్కువగా ఆసియా నుంచి వచ్చిన నున్నటి ఖరీదైన కాగితం. అప్పులవాళ్లు గుమ్మంలో ఉన్నా అక్కడ మాత్రం పీనాసితనం చూపించలేదు మహానుభావుడు!

మ్యూజియంల వెబ్‌సైట్లలో ఈ బొమ్మల్ని బాగా పెద్దవి చేసి చూడండి. మామూలుగా ఆయన స్కెచ్‌లలో కలం దూకుడుగా పోతుంది. నాలుగు గీతల్లో మనిషి నిలబడిపోతాడు. ఇక్కడ అలా కాదు. పల్చటి జామా, నడుముకి కట్టిన పట్కా, ముందు మొన తేలిన చెప్పులు, పక్కనుంచి కనిపించే ముఖం, అన్నీ ఒద్దికగా, సన్నటి గీతల్లో దించాడు. రంగుల జోలికి పెద్దగా పోలేదు, గోధుమరంగు సిరాతోనే పని కానిచ్చాడు. అయినా చెయ్యి ఊరుకోదుగా. మొగలు చిత్రకారులు సాధారణంగా పట్టించుకోని నీడ ఈయన బొమ్మల్లో అక్కడక్కడా వచ్చి చేరింది. దాంతో చక్రవర్తికి ఒళ్లూ బరువూ వచ్చాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. చెట్టు కింద నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉంటారు. ఈ కూర్చోవడాన్ని ఆయన 1656 నాటి ఒక ఎచింగ్‌లోకి, అంటే రాగిరేకు మీద గీసి అచ్చు తీసిన బొమ్మలోకి, తీసుకెళ్లాడు. బైబిల్లో అబ్రహాం ఇంటికి దేవదూతలు అతిథులుగా వచ్చే ఘట్టం అది. వచ్చినవాళ్లు నేల మీదే కూర్చున్నారు. నడిమి పెద్దాయనకి తెల్లగడ్డం. అబ్రహాం కూజా పట్టుకుని వంగి నిలబడ్డాడు, ఆయన భార్య శారా తలుపు చాటునుంచి తొంగి చూస్తోంది. రెక్కలు తీసేస్తే మన వైపు ఏ ఇంటి అరుగు మీదైనా కనిపించే దృశ్యమే.

యూరప్ బొమ్మలు మన రవివర్మని ఎలా మార్చాయో అందరూ చెబుతారు. మన బొమ్మల నుంచి అటువైపు వెళ్లిన బాకీ గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ఆ నలుగురి మూల చిత్రం ఇప్పుడు వియన్నాలో, షోన్‌బ్రున్ ప్యాలెస్‌లోని ఒక గదిలో ఉంది. ఆస్ట్రియాని ఏలిన మరియా థెరీసా కాలంలో అక్కడివాళ్లు మొగలు బొమ్మల్ని కత్తిరించి, ముక్కల్ని ఇష్టమొచ్చినట్టు కలిపి అతికించి, బంగారు అంచుల చట్రాల్లో గోడలకి బిగించారు. గది చాలా అందంగా ఉంటుందట. కత్తెర పట్టుకున్నవాళ్ల మీద నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లుమంటే.