నువ్వు రాజేస్తే అది రాజుకుంటుంది

మేముండేది ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌లో. నవంబరు వచ్చిందంటే సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. హాల్లో కట్టెల పొయ్యి ఉంది. మొన్న మా తొమ్మిదేళ్ల పాప దాని ముందు కూర్చుని, "అమ్మా, నిప్పు లైట్ చేయనా?" అంది.

నిప్పు అంది, సంతోషమే. 'లైట్ చేయనా' దగ్గరే నా మనసు చివుక్కుమంది. కొన్నాళ్లుగా గమనిస్తున్నాను, దాని తెలుగులో వస్తువుల పేర్లు బాగానే ఉన్నాయి, పనిని చెప్పే మాటలే జారిపోతున్నాయి. ఉల్లిపాయ కట్ చేస్తుంది, దుప్పటి ఫోల్డ్ చేస్తుంది. మా అమ్మ అయితే పొయ్యి రాజేస్తుంది, దీపం పెడుతుంది, అగరొత్తి వెలిగిస్తుంది, మతాబు అంటిస్తుంది. దీపం ఆరిపోయిందని కూడా అనదు, కొండెక్కిందంటుంది. ఇన్నిటికీ కలిపి పాప దగ్గరున్నది ఆ ఒక్క 'లైట్ చేయడం'.

పొయ్యిలోకి కొన్న సన్న పుల్లల సంచి మీద 'కిండ్లింగ్' అని ఉంది. వీటిని మనం చితుకులంటాం అని చెప్పాను. "కిండిల్ అంటే పుస్తకాలు చదువుకునేది కదా?" అంది. ఇద్దరం నిఘంటువు తీశాం.

నిప్పు రాజేయడమనే ఆ కిండిల్ అసలు ఇంగ్లీషువాళ్ల సొంత మాట కాదట. డెన్మార్క్, నార్వేల వైపు నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగుల భాషలోని 'క్యుండా' నుంచి వచ్చింది. 866లో వైకింగులు యార్క్‌ను పట్టుకున్నారని పాపకు బడిలో చెప్పారు. కాపర్‌గేట్, స్టోన్‌గేట్ అనే మా వీధుల పేర్లలో 'గేట్' అంటే తలుపు కాదని, వాళ్ల భాషలో వీధి అని కూడా దానికి తెలుసు.

"మరి వాళ్లు రాకముందు ఇక్కడివాళ్లు ఏమనేవాళ్లు?" అంది.

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. వెతికితే, పాత ఇంగ్లీషులో 'టెండన్' అనే మాట ఉండేదని తెలిసింది. చెకుముకి రాయి నుంచి రాలిన రవ్వను పట్టుకునే ఎండు సరుకు పేరు, టిండర్, దానికి దగ్గరి చుట్టం. జర్మన్‌లో టెండన్‌కు తోబుట్టువైన 'త్స్యుండెన్' ఇప్పటికీ రోజూ వాడుకలో ఉంది. ఇంగ్లీషులో మాత్రం వస్తువు పేరు నిలిచింది, పని పేరు పోయింది. రాజేయడానికి ఇంకో పాత మాట 'ఒనాలన్'. అది ఇప్పుడు గాజును, లోహాన్ని వేడిచేసి నెమ్మదిగా చల్లార్చే 'ఆనీల్'గా మిగిలింది. ఫైర్, బర్న్, స్పార్క్ ఇంగ్లీషు, జర్మన్‌ల ఉమ్మడి కుటుంబమైన జర్మానిక్‌లోని పాత మాటలే. ఇగ్నైట్ ఒక్కటీ లాటిన్ నుంచి వచ్చింది, మన అగ్నికి చుట్టం. అది విని పాప ఎంత మురిసిపోయిందో!

"అంటే వాళ్లు కూడా మాటలు పోగొట్టుకున్నారా?" అంది.

పోగొట్టుకున్నారు, పక్కవాళ్ల దగ్గర తెచ్చుకున్నారు. భాషలు ఇలాగే బతుకుతాయి, నీకెందుకంత టెన్షన్ అని మా ఆయన అంటారు. భాష సంగతి నిజమే. కానీ ఆ రెండు జనాలూ తరాల తరబడి ఒకే ఊళ్లో కలిసి బతికారు. నా కూతురికి తెలుగు వినిపించేది మేమిద్దరం, ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మ, అంతే. అందుకే దాని చేత తెలుగు మాటల జాబితాలు రాయించడం మానేశాను. ఏ పని దాని చేత చేయిస్తానో ఆ పని మాట అప్పుడే చెబుతున్నాను.

ఆదివారం ఫోన్‌ను పొయ్యి వైపు తిప్పి పెట్టాం. పాప చితుకులు పేర్చి, అగ్గిపుల్ల గీసి, అమ్మమ్మ చెప్పినట్టే మెల్లగా ఊదింది. రెండుసార్లు పొగే వచ్చింది. మూడోసారి మంట లేచింది.

"అమ్మమ్మా, నిప్పు రాజేసింది!"

"రాజుకుంది అనాలే బంగారం. నువ్వు రాజేశావు, అది రాజుకుంది."

"నేను రాజేశాను, అది రాజుకుంది," అని పాప ఇంకో చితుకు అందుకుంది.